గేరు పన్ను స్ట్రెస్ లెక్క: లూయిస్ సరిపోతుందా, ఆగ్మా కావాలా, ఎఫ్‌ఈఏ దాకా వెళ్ళాలా?

విజయవాడ ఆటోనగర్‌లో గేర్లు కోసే ఏ షెడ్డుకైనా వెళ్ళి, మూలన పడేసిన పాత గేర్ల కుప్పను కాస్త కెలికి చూడండి. పన్ను మొదలంటా విరిగినవి కొన్ని కనిపిస్తాయి. కానీ ఎక్కువ వాటికి పళ్ళన్నీ ఉంటాయి. ముఖం మీద చిన్న చిన్న గుంటలు పడి, పన్ను పలచబడి, చప్పుడు భరించలేక మార్చేసినవే ఎక్కువ. ఇటు ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు తిరగేస్తే లెక్కంతా పన్ను విరుగుతుందా లేదా అన్నదాని మీదే ఉంటుంది. గుంటల గురించి చాలాసార్లు ఒక్క లైను కూడా ఉండదు. చివర్లో మాత్రం రంగురంగుల ఎఫ్‌ఈఏ (భాగాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో స్ట్రెస్ లెక్కేసే పద్ధతి) బొమ్మలు నాలుగైదు ఉంటాయి.

అందుకే "ఏ పద్ధతి వాడమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ గేరును ఏం ఉక్కుతో చేస్తున్నారు, గట్టిదనం ఎంత, పళ్ళు ఏ మెషిన్ మీద కోస్తున్నారు? ఈ మూడూ తెలిస్తే పద్ధతి దాదాపుగా తేలిపోతుంది. ఇవి తెలియకుండా ఎంత పెద్ద స్టాండర్డ్ తెరిచినా ప్రయోజనం లేదు.

పన్ను మీద పడే స్ట్రెస్‌లు రెండు. ఒకటి బెండింగ్. లోడు పన్నును పక్కకు నెడుతుంది కాబట్టి మొదట్లో, ఫిల్లెట్ (పన్ను మొదట్లో ఉండే వంపు) దగ్గర, లోడు పడే వైపు లాగుడు పుడుతుంది. అలసట పగులు అక్కడే మొదలవుతుంది. రెండోది కాంటాక్ట్ స్ట్రెస్. రెండు పళ్ళు తాకే చోట సన్నని గీత లాంటి పట్టీ మీద లోడంతా పడుతుంది. అది తిరిగిన ప్రతిసారీ అదే చోట నొక్కుకుని, చివరికి ఉక్కు పెచ్చులుగా లేచిపోతుంది. దీన్నే పిట్టింగ్ అంటాం. సాధారణంగా పిచ్ లైనుకు (పన్ను ఎత్తులో దాదాపు మధ్యన ఊహించుకునే గీత) కాస్త కిందగా, ముందు పినియన్ (జతలోని చిన్న గేరు) మీద కనిపిస్తుంది. పాత లెక్క చెప్పిన లూయిస్ మొదటిదే చూస్తాడు. ఆగ్మా (అమెరికా గేర్ తయారీదారుల సంఘం పద్ధతి), ఐఎస్ఓ (అంతర్జాతీయ స్టాండర్డ్) రెండూ చూస్తాయి. ఎఫ్‌ఈఏ మీరు ఏది చూపించమంటే అది చూపిస్తుంది, సరిగ్గా అడగడం వస్తేనే.

మాటలతో కంటే ఒకే జతను అన్ని పద్ధతుల్లోనూ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ఒక దాణా మిక్సర్ తీసుకుందాం. 10 హెచ్‌పీ, అంటే 7.5 కిలోవాట్ మోటార్, 1440 ఆర్‌పీఎం. ఇక్కడే వెల్డింగ్ చేసిన గేరు బాక్సు. మొదటి జతలో పినియన్‌కు 18 పళ్ళు, పెద్ద గేరుకు 72. మాడ్యూల్ (పిచ్ వ్యాసాన్ని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేది) 3, ఫేస్ వెడల్పు (షాఫ్టు వెంబడి పన్ను పొడవు) 30 మిల్లీమీటర్లు, ప్రెషర్ యాంగిల్ (పళ్ళు ఒకదాన్నొకటి నెట్టుకునే కోణం) 20 డిగ్రీలు. ఉక్కు మన దగ్గర అందరూ వాడే ఈఎన్8, అంటే సి45 రకం, గట్టిదనం 200 బీహెచ్ఎన్ (బ్రినెల్ గట్టిదనం అంకె). ఆటోనగర్‌లో ఎవరికి చెప్పినా "అది చాలండీ, దిట్టంగా ఉంటుంది" అనే సైజు ఇది.

టార్క్ సుమారు 49.7 న్యూటన్ మీటర్లు. పిచ్ వ్యాసం 54 మిల్లీమీటర్లు కాబట్టి పన్ను మీద టాంజెన్షియల్ లోడు 1842 న్యూటన్లు. పిచ్ లైను వేగం సెకనుకు 4.07 మీటర్లు.

లూయిస్ పద్ధతి

విల్‌ఫ్రెడ్ లూయిస్ 1892లో ఫిలడెల్ఫియాలో చెప్పిన లెక్క ఇది. పన్నును ఒక చివర బిగించిన దూలం అనుకున్నాడు. లోడంతా ఒకే పన్ను కొన మీద పడుతుందనుకున్నాడు. పన్ను ఆకారంలో ఇమిడే పారాబొలా ఎక్కడ తాకితే అక్కడ బలహీనమైన కోత అన్నాడు. దాన్నుంచే ఫారం ఫ్యాక్టర్ వచ్చింది. లోడును ఫేస్ వెడల్పు, మాడ్యూల్, ఫారం ఫ్యాక్టర్ల లబ్ధంతో భాగిస్తే స్ట్రెస్ వస్తుంది. 18 పళ్ళకు ఫారం ఫ్యాక్టర్ 0.308. మన జతకు స్ట్రెస్ సుమారు 66 ఎంపీఏ (మెగాపాస్కల్, అంటే చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్).

ఇది గేరు కదలకుండా నిలబడి ఉన్నప్పటి సంగతి. తిరుగుతున్నప్పుడు పళ్ళ కోతలో ఉన్న తప్పుల వల్ల దెబ్బలు పడతాయి. దానికి బార్త్ వెలాసిటీ ఫ్యాక్టర్ కలపాలి. ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే బార్త్ సూత్రం ఒకటి కాదు. మామూలుగా కోసిన పళ్ళకు 3ను, 3 ప్లస్ వేగంతో భాగించాలి. జాగ్రత్తగా హాబింగ్ చేసిన (హాబ్ అనే మరలాంటి కట్టర్‌తో గేరును తిప్పుతూ కోసిన) వాటికి 6ను, 6 ప్లస్ వేగంతో భాగించాలి. స్ట్రెస్‌ను ఆ ఫ్యాక్టర్‌తో భాగించాలి. మొదటిది వాడితే 66 కాస్తా 157 ఎంపీఏ అవుతుంది. రెండోది వాడితే 112. గేరు అదే, లోడు అదే. పళ్ళు ఎలా కోశారన్న ఒక్క విషయం మీదే ఇంత తేడా. మిక్సర్‌లో లోడు కాస్త కుదుపులతో వస్తుంది కాబట్టి సర్వీస్ ఫ్యాక్టర్ 1.25 పెడితే 196, 139 వస్తాయి.

సి45 అల్టిమేట్ స్ట్రెంగ్త్ (తెగే ముందు తట్టుకునే గరిష్ఠ స్ట్రెస్) 630 ఎంపీఏ అనుకుని, క్లాసులో చెప్పినట్టు మూడో వంతు తీసుకుంటే 210. రెండు రకాలుగానూ గేరు పాస్. రిపోర్టులో "డిజైన్ ఈజ్ సేఫ్" అని రాసేసి సంతకం పెట్టేస్తారు.

లూయిస్‌ను పాతబడిన లెక్క అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. కొన మీదే లోడంతా పడుతుందన్న అతని ఊహ మరీ భయస్తుడి లెక్క అని అంటుంటారు. ఎందుకంటే కొన తాకే సమయానికి పక్క జత కూడా లోడు పంచుకుంటూ ఉంటుంది. నిజమే, కానీ పళ్ళు ఖచ్చితంగా ఉంటేనే ఆ పంపకం జరుగుతుంది. మన షెడ్లలో ఇప్పటికీ చాలా గేర్లు మిల్లింగ్ మెషిన్ మీద, డివైడింగ్ హెడ్ (గేరును పన్ను పన్నుకూ సమానంగా తిప్పే పరికరం) పెట్టి, నంబరు కట్టర్లతో కోస్తారు. ఒక్కో మాడ్యూల్‌కు ఎనిమిది కట్టర్ల సెట్టు ఉంటుంది. 17 నుంచి 20 పళ్ళ దాకా ఆరో నంబరు కట్టరే. దాని ఆకారం 17 పళ్ళకు సరిగ్గా సరిపోతుంది. 18కీ 20కీ అది ఉజ్జాయింపు మాత్రమే. పైగా డివైడింగ్ హెడ్‌లో ఆట ఉంటే పన్నుకూ పన్నుకూ మధ్య దూరం మారుతుంది. అలాంటి గేరులో ఒక పన్నే మొత్తం మోస్తుందని, అదీ కొన దగ్గరే మోస్తుందని అనుకోవడమే న్యాయం. అంటే మిల్లింగ్ గేర్లకు లూయిస్ ఊహే వాస్తవానికి దగ్గర.

చేత్తో తిప్పే వించీలు, నెమ్మదిగా తిరిగే పోత ఇనుము గేర్లు, రోజులో కాసేపు మాత్రమే పనిచేసే గేటు ఎత్తే సామాన్లు, మొదట్లో మాడ్యూల్ ఎంత పెట్టాలో అంచనా వేయడం, వీటికి లూయిస్ హాయిగా సరిపోతుంది. రోజూ ఎనిమిది గంటలు తిరిగే ఉక్కు గేరుకు మాత్రం ఒంటరిగా సరిపోదు.

బకింగ్‌హామ్ వేర్ లోడు: ఒక్క లైను ఎక్కువ

లూయిస్ చేసిన వాళ్ళు అదే కాగితం మీద ఇంకో లైను రాస్తే సగం ప్రమాదం తప్పుతుంది. బకింగ్‌హామ్ చెప్పిన వేర్ స్ట్రెంగ్త్: ఫేస్ వెడల్పు, పినియన్ వ్యాసం, రేషియో ఫ్యాక్టర్, మెటీరియల్ ఫ్యాక్టర్, ఈ నాలుగింటి లబ్ధం. రేషియో ఫ్యాక్టర్ అంటే పెద్ద గేరు పళ్ళకు రెట్టింపును రెండిటి పళ్ళ మొత్తంతో భాగించడం, మన జతకు 1.6. మెటీరియల్ ఫ్యాక్టర్‌కు 20 డిగ్రీల ఉక్కు గేర్ల విషయంలో సులువైన సూత్రం ఉంది: బీహెచ్ఎన్‌ను 100తో భాగించి, వర్గం చేసి, 0.16తో గుణించాలి. 200 బీహెచ్ఎన్‌కు 0.64.

మొత్తం గుణిస్తే 1659 న్యూటన్లు. పన్ను మీద పడే లోడు 1842. దెబ్బలూ కుదుపులూ ఏవీ కలపకముందే గేరు ఫెయిల్. లూయిస్ నిశ్చింతగా పాస్ చేసిన గేరే ఇది.

కాలిక్యులేటర్ మీద నిమిషం పట్టని ఈ లెక్కను రిపోర్టుల్లో ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. పరీక్షలో అడగకపోవడం ఒక్కటే కారణమేమో.

ఆగ్మా: నా ఓటు ఎక్కువసార్లు దీనికే

అమెరికన్ గేర్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ పద్ధతిలో లూయిస్ అస్థిపంజరమే ఉంటుంది. మారేవి రెండు. ఫారం ఫ్యాక్టర్ స్థానంలో జె ఫ్యాక్టర్ వస్తుంది. ఇందులో ఫిల్లెట్ దగ్గర స్ట్రెస్ కాన్సంట్రేషన్ కలిసి ఉంటుంది, లోడు కూడా కొన మీద కాకుండా ఒకే జత మోసే అత్యున్నత బిందువు దగ్గర పెడతారు. రెండోది, లోడును పెంచే కారణాలను విడివిడిగా లెక్కిస్తారు: మోటార్, మెషిన్ కుదుపులకు ఒకటి, పళ్ళ క్వాలిటీ, వేగాలకు ఒకటి, షాఫ్టులు పక్కకు వాలి లోడు ఒకవైపే పడడానికి ఒకటి. మెట్రిక్ కొలతలకు ఆగ్మా 2101 అని వేరే కూర్పు ఉంది. అంగుళాల సూత్రాలు మార్చుకుంటూ కుస్తీ పట్టక్కర్లేదు.

మన జతకు ఓవర్‌లోడ్ 1.25. క్వాలిటీ నంబరు 6 అనుకుంటే డైనమిక్ ఫ్యాక్టర్ 1.38. వెల్డింగ్ బాక్సులో బేరింగ్ బోర్లు ఎంత సూటిగా ఉంటాయో మనకు తెలుసు కాబట్టి లోడు పంపకానికి, ఓపెన్ గేర్లకు పెట్టినట్టే 1.3 పెట్టాను. మూడూ గుణిస్తే 2.24. జె ఫ్యాక్టర్ సుమారు 0.325 తీసుకుంటే బెండింగ్ 141 ఎంపీఏ. 200 బీహెచ్ఎన్ ఉక్కుకు ఆగ్మా గ్రేడ్ 1 (ఉక్కు నాణ్యతలో మొదటి, మామూలు తరగతి) ఇచ్చే హద్దు 195. పాస్.

ఇందాకటి హాబింగ్ బార్త్‌తో లూయిస్ 139 అన్నాడు, ఆగ్మా 141 అంటోంది. చూసి మురిసిపోకండి. లూయిస్ వదిలేసిన స్ట్రెస్ కాన్సంట్రేషన్‌ను అతని కొన లోడు భయం పూడ్చింది, అంతే. పళ్ళ సంఖ్య మారినా, వేగం పెరిగినా ఇలా కలవాలని లేదు.

ఇప్పుడు కాంటాక్ట్. హెర్ట్జ్ సూత్రం మీద కట్టిన లెక్క ఇది. ఉక్కు మీద ఉక్కుకు ఎలాస్టిక్ కోఎఫిషియంట్ 191. మన జతకు జామెట్రీ ఫ్యాక్టర్ 0.129. వచ్చిన కాంటాక్ట్ స్ట్రెస్ 851 ఎంపీఏ. 200 బీహెచ్ఎన్‌కు హద్దు 644. తుక్కుగా ఫెయిల్.

ఆ 644 కూడా కోటి సార్లు తిరిగే వరకే. మోటార్ వేగంతో తిరిగే పినియన్‌కు కోటి తిరుగుళ్ళు 116 గంటల్లో అయిపోతాయి. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే పక్షం రోజులు. "పెట్టి నెల కాలేదు, అప్పుడే సౌండొస్తోంది ఏంటండీ, పన్ను కూడా విరగలేదు" అని గుంటూరు మిల్లుల నుంచి ఫోన్లు రావడంలో ఆశ్చర్యం లేదు. ఏడాదికి 2400 గంటల చొప్పున ఐదేళ్ళు నడవాలంటే వంద కోట్ల తిరుగుళ్ళు దాటుతాయి, హద్దును ఇంకో పది శాతం తగ్గించుకోవాలి. అంటే 580.

ఇప్పుడు దారులు. చాలామంది ముందు ఫేస్ వెడల్పు పెంచుతారు. కాంటాక్ట్ స్ట్రెస్ లోడుకు వర్గమూలంలో పెరుగుతుంది కాబట్టి వెడల్పు పెంచితే లాభం కూడా వర్గమూలంలోనే వస్తుంది. 851ని 580కి దించాలంటే 30 మిల్లీమీటర్లను 65 దాకా తీసుకెళ్ళాలి. మాడ్యూల్‌కు 8 నుంచి 12 రెట్లు ఫేస్ అన్నది మామూలు మాట. మాడ్యూల్ 3కి 65 పెడితే పన్ను ఒక చివరే మోస్తుంది. ఆ దారి మూసుకుపోయింది.

ఉక్కు మార్చడం రెండో దారి. ఈఎన్24ను 300 బీహెచ్ఎన్‌కు టఫ్ చేయిస్తే హద్దు 866. ఐదేళ్ళకు తగ్గిస్తే 780. చాలదు. ఈఎన్353 గానీ 20ఎంఎన్‌సీఆర్5 గానీ కేస్ హార్డెనింగ్ (పైపొరను మాత్రమే గట్టిపరచడం) చేయిస్తే గ్రేడ్ 1 హద్దు 1240, ఐదేళ్ళకు 1116. అదే సైజులో హాయిగా నిలుస్తుంది. కానీ హార్డెనింగ్‌లో పళ్ళు మెలి తిరుగుతాయి. గ్రైండింగ్ చేయించే స్తోమత ఉంటేనే అది అసలైన దారి. గ్రైండింగ్ లేకుండా వదిలేస్తే గట్టిదనం పెరిగి ఖచ్చితత్వం పోతుంది, గేరు బాక్సు అరుస్తుంది.

మూడోది పినియన్ పెంచడం. ఇదే పనిచేసేది. వ్యాసం పెరిగితే లోడు తగ్గుతుంది, తాకే వంపు కూడా చదునవుతుంది. రెండు లాభాలూ కలిసి స్ట్రెస్ వ్యాసానికి విలోమంగా దిగుతుంది. మాడ్యూల్ 4, పళ్ళు 20, 80, ఫేస్ 40 పెట్టి మళ్ళీ లెక్కేస్తే కాంటాక్ట్ సుమారు 511 ఎంపీఏ. ఈఎన్8తోనే, 200 బీహెచ్ఎన్‌తోనే, ఐదేళ్ళకూ పాస్. బెండింగ్ మాత్రం 57కు పడిపోతుంది. 195 మోయగల పన్ను 57 మోస్తోందంటే వేస్టు కాదా అని అడుగుతారు. కాదు. మెత్తని ఉక్కుతో చేసే గేర్లలో బెండింగ్ ఎప్పుడూ ఇలా చల్లగానే ఉంటుంది, సైజును తేల్చేది కాంటాక్టే.

కేస్ హార్డెనింగ్‌తో ఈ కథ తిరగబడుతుంది. 644 నుంచి 1240కి వెళ్ళడమంటే కాంటాక్ట్ పరంగా మోయగల లోడు దాదాపు 3.7 రెట్లు, వర్గం కదా. అదే ఉక్కుకు బెండింగ్ హద్దు 195 నుంచి 380కి మాత్రమే పెరుగుతుంది, అంటే రెండు రెట్ల లోపే. ముఖం రాయిలా తయారయ్యాక బలహీనత పన్ను మొదట్లోకి దిగుతుంది. అప్పుడు ఫిల్లెట్ ఎలా ఉంది, గ్రైండింగ్ రాయి మొదట్లో మెట్టు వదిలిందా లేదా అన్న ప్రశ్నలు ప్రాణం మీదకు వస్తాయి. లారీ గేరు బాక్సుల్లో పన్ను విరిగినవి కనిపించడానికీ, మిల్లు గేర్లలో గుంటలు కనిపించడానికీ ఉన్న తేడాలో చాలా భాగం ఇదే. మెత్తని గేరుకు కాంటాక్ట్ లెక్క బాగా చేయండి, బెండింగ్ లూయిస్‌తో సరిపెట్టినా కొంప మునగదు. గట్టి గేరుకు రెండూ బాగా చేయాలి.

ఐఎస్ఓ 6336 ఎప్పుడు?

ఐఎస్ఓ 6336 మొదటి కూర్పు 1996లో వచ్చింది. ముఖ్యమైన 1, 2, 3 భాగాలను 2019లో కొత్తగా రాశారు. రెండో భాగం పిట్టింగ్, మూడోది బెండింగ్, ఐదోది మెటీరియల్. మన దేశంలో ఐఎస్ 4460 కూడా ఇదే బాటలో నడుస్తుంది. పన్ను మొదట్లో బలహీనమైన కోతను ఇక్కడ 30 డిగ్రీల స్పర్శరేఖతో గుర్తిస్తారు, పారాబొలా ఉండదు. ప్రొఫైల్ షిఫ్ట్ ఇచ్చిన (కట్టర్‌ను కాస్త లోపలికో బయటికో జరిపి కోసిన) గేర్లను, హెలికల్ గేర్లను, ఉపరితలం నునుపును, ఆయిల్ చిక్కదనాన్ని ఇది వివరంగా పట్టించుకుంటుంది. చేత్తో చేస్తే ఒక రోజు పడుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌తోనే చేస్తారు.

నా లెక్కలో దీనికి వెళ్ళాల్సిన సందర్భాలు తక్కువ. కొనేవాడు అడిగితే, ఎగుమతి అయితే, గేరు గ్రైండింగ్ చేసి క్వాలిటీ రిపోర్టు చేతిలో ఉంటే, బయటి గేరు బాక్సు కంపెనీ ఇచ్చిన లెక్కతో పోల్చాల్సి వస్తే. అవేవీ లేకుండా, మిల్లింగ్ గేరుకు ఐఎస్ఓ లెక్క చేస్తే ఇరవై ఫ్యాక్టర్లలో పదిహేను మీరు ఊహించినవే అవుతాయి.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. ఆగ్మా స్ట్రెస్‌ను ఐఎస్ఓ హద్దుతో పోల్చకండి. కేస్ హార్డెన్ చేసిన ఉక్కుకు ఐఎస్ఓ ఎంక్యూ గ్రేడ్ కాంటాక్ట్ హద్దు 1500 ఎంపీఏ. ఆగ్మా గ్రేడ్ 1కి 1240. ఉక్కు ఒకటే కావచ్చు, కానీ ఆ అంకెల వెనక ఉన్న టెస్టులు, నాణ్యత షరతులు, లెక్కలో కలిపే ఫ్యాక్టర్లు వేరు. ఒక టేబుల్లోంచి స్ట్రెస్, ఇంకో టేబుల్లోంచి హద్దు తీసుకుంటే గేరు కాగితం మీద మాత్రమే బతుకుతుంది. నెట్‌లో దొరికే ఎక్సెల్ షీట్లలో ఇదే ఎక్కువ. షీట్ తెరవగానే హద్దు ఏ స్టాండర్డ్‌ది అని వెతకండి. రాసి లేకపోతే ఆ షీట్ మూసేయండి.

ఎఫ్‌ఈఏ: దేనికి మంచిది, దేనికి కాదు

మన జతలో రెండు పళ్ళు తాకే పట్టీ వెడల్పు ఎంతో తెలుసా? లోడు ఫ్యాక్టర్లన్నీ కలిపాక కూడా 0.22 మిల్లీమీటర్లు. దానిలో కాంటాక్ట్ స్ట్రెస్ సరిగ్గా పట్టాలంటే ఆ పట్టీకి అడ్డంగా కనీసం పది ఎలిమెంట్లు (లెక్క కోసం విడగొట్టిన ముక్కలు) ఉండాలి, అంటే ఒక్కోటి 0.02 మిల్లీమీటర్లు. ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపించే ఒక మిల్లీమీటర్ మెష్‌తో (ఆ ముక్కల అల్లికతో) వచ్చిన కాంటాక్ట్ స్ట్రెస్ ఏ అంకె అయినా కావచ్చు. మెష్ మారిస్తే అంకె మారుతుంది. అలాంటి బొమ్మ కింద "ఆగ్మాతో 5 శాతం తేడా" అని రాస్తే, ఆ మెష్ దొరికేదాకా వెతికారని అర్థం.

బెండింగ్‌కు ఎఫ్‌ఈఏ నయమే. ఫిల్లెట్ దగ్గర మెష్ సన్నగా చేసి, సెకండ్ ఆర్డర్ ఎలిమెంట్లు వాడి, లోడును ఒకే జత మోసే బిందువు దగ్గర పెడితే నమ్మదగిన అంకె వస్తుంది. కానీ ఫిల్లెట్ మోడల్ ఎక్కడిది? హాబ్ వదిలే ఫిల్లెట్ ట్రోకాయిడ్ వంపు. సాఫ్ట్‌వేర్‌లో చాలామంది ఒక గుండ్రటి ఆర్క్ పెట్టేస్తారు. ఇక నంబరు కట్టరుతో కోసిన గేరుకు అసలు ఆకారమే ఉజ్జాయింపు, దాని మీద మూడు దశాంశాల ఎఫ్‌ఈఏ చేయడం తూకం రాయి తెలియని త్రాసులో బంగారం తూచినట్టు.

ఎఫ్‌ఈఏ నిజంగా విలువైనది స్టాండర్డులు చేతులెత్తేసే చోట. పెద్ద గేరులో వెబ్ (మధ్య భాగానికీ రిమ్ముకూ నడుమ ఉండే పలక) పలచగా పెట్టి రంధ్రాలు వేసినప్పుడు, షాఫ్టు వంగి పన్ను మీద లోడు ఒకవైపుకు వాలినప్పుడు, పినియన్‌లో రిమ్ (పళ్ళ కింద ఉండే వలయం) పలచగా మిగిలినప్పుడు. ఈ మూడోది మన ఉదాహరణలోనే ఉంది. ఖర్చు తగ్గుతుందని ఆ పినియన్‌ను నేరుగా మోటార్ షాఫ్టు మీద ఎక్కిద్దాం అంటారు. 7.5 కిలోవాట్ ఫోర్ పోల్ మోటార్, 132 ఫ్రేమ్, షాఫ్టు 38 మిల్లీమీటర్లు. పినియన్ రూట్ వ్యాసం 46.5. బోరుకు పైన కీవే (షాఫ్టుకు బిగించే కీ కోసం కోసే గాడి) లోతు 3.3 తీసేస్తే పన్ను మొదటికీ కీవే మూలకూ మధ్య మిగిలే ఉక్కు ఒక మిల్లీమీటర్ లోపే. దీనికి ఎఫ్‌ఈఏ కూడా అక్కర్లేదు, స్కేలు చాలు. పన్ను ఎత్తుకు కనీసం 1.2 రెట్లు రిమ్ ఉండాలన్నది ఆగ్మా మాట, తక్కువైతే స్ట్రెస్ పెంచుకోవాలి. ఇందాక పెంచిన మాడ్యూల్ 4 పినియన్‌లో ఆ మందం 12.7 మిల్లీమీటర్లు, పన్ను ఎత్తు 9. నిష్పత్తి 1.4. ఒక్క మార్పుతో రెండు రోగాలు కుదిరాయి.

మరి మీ పనికి ఏది?

సెమిస్టర్ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి అయితే లూయిస్, బకింగ్‌హామ్, ఆగ్మా మూడూ చేతితో చేసి పక్కపక్కన పెట్టండి. తేడా ఎందుకు వచ్చిందో రెండు పేరాలు రాయండి. ఎఫ్‌ఈఏ చేయాలని గైడ్ సార్ పట్టుబడితే బెండింగ్ మాత్రమే చేసి, మూడు మెష్ సైజులతో ఫలితం స్థిరపడిందని చూపించండి. నాలుగు రంగుల బొమ్మల కంటే ఆ ఒక్క గ్రాఫ్ విలువైనది.

విరిగిన, అరిగిన గేరు పట్టుకొచ్చి "అచ్చం ఇలాంటిదే కావాలి" అనే పనులు ఆటోనగర్‌లో ఎక్కువ. అక్కడ మీకు లోడు తెలియదు, మెషిన్ చరిత్ర తెలియదు. స్ట్రెస్ లెక్క కంటే ముందు పాత గేరు గట్టిదనం కొలిపించండి. కేస్ హార్డెన్ చేసిన గేరు స్థానంలో ఈఎన్8 గేరు కోసి ఇచ్చారంటే, ఇందాకటి లెక్క ప్రకారం కాంటాక్ట్ పరంగా దాని సామర్థ్యంలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువే మిగులుతుంది. ఏ ఫార్ములా దాన్ని కాపాడదు. లోడు తెలియనప్పుడు మోటార్ నేమ్‌ప్లేట్ పవర్ మొత్తం గేరు మీద పడుతుందనుకుని బకింగ్‌హామ్ చేస్తే చాలు.

కారం మిల్లులు, పసుపు పాలిష్ డ్రమ్ముల దగ్గర ఇంకో సంగతి ఉంది. ఓపెన్ గేర్లకు పెట్టిన గ్రీజుకు దుమ్ము, ఇసుక, పొడి పట్టుకుని సానరాయిలా పళ్ళను తినేస్తాయి. ఇది పిట్టింగ్ కాదు, గీతలు గీతలుగా అరగడం. ఆగ్మాలోనూ ఐఎస్ఓలోనూ దీనికి స్ట్రెస్ లెక్క లేదు. అక్కడ డబ్బు కేసింగ్ మీద, ఆయిల్ సీలు మీద పెట్టండి, పెద్ద స్టాండర్డు మీద కాదు.

మధ్యలో ఐడ్లర్ గేరు ఉంటే దాన్ని విడిగా చూడండి. ఒక పన్ను ఒక తిరుగుడులో ఒకవైపు నెట్టించుకుని, రెండోవైపు నెడుతుంది. అంటే మొదట్లో బెండింగ్ ఇటూ అటూ తిరగబడుతుంది. అలాంటి దానికి బెండింగ్ హద్దులో 70 శాతమే తీసుకోమంటుంది ఆగ్మా. ముందుకూ వెనక్కూ తిరిగే మెషిన్ల గేర్లకూ ఇదే వర్తిస్తుంది. క్లాసులో చేసే లెక్కల్లో ఐడ్లర్‌ను కేవలం దిశ మార్చేదిగా చూసి వదిలేస్తారు.

ఏ పద్ధతి వాడినా డ్రాయింగ్ మీద గట్టిదనం అంకె వేయించండి, "హార్డెన్ చేయాలి" అని మాత్రమే రాస్తే హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళు తమకు వీలైనంత చేస్తారు. మెత్తని ఉక్కు జతలో పినియన్‌కు పెద్ద గేరు కంటే 20 నుంచి 40 బీహెచ్ఎన్ ఎక్కువ పెట్టండి. మన మిక్సర్‌లో పెద్ద గేరు పన్ను ఒకసారి తాకేలోగా పినియన్ పన్ను నాలుగుసార్లు తాకుతుంది, ముందు గుంటలు పడేది దానికే.